పుస్తకాల పెట్టెలతో ప్రభల తీర్థానికి

మేం వేసేవి పిల్లల పుస్తకాలు. ఏడాదికి నాలుగో అయిదో, ఒక్కోటి వెయ్యి కాపీలు. పుస్తకం వేయడం ఒక ఎత్తు, దాన్ని పిల్లల చేతికి చేర్చడం ఇంకో ఎత్తు. ఇదివరకు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే పోస్టులో పంపేవాళ్ళం. పుస్తకాలకని ప్రత్యేకంగా ఉన్న చవక తపాలా రేటు 2024 డిసెంబర్ 18తో ఆగిపోయింది. 80 రూపాయల్లో వెళ్ళే అయిదు కిలోల కట్టకు ఆ తర్వాత పార్సిల్ కింద 200 దాటింది. మా పుస్తకం ధరే 60 రూపాయలు. తెప్పించుకునేవాళ్ళకు పోస్టు ఖర్చు పుస్తకం కంటే ఎక్కువైతే ఇంకెవరు తెప్పించుకుంటారు?

అందుకే 2025 సంక్రాంతికి ఒక నిర్ణయం తీసుకున్నాం. విజయవాడ పుస్తక మహోత్సవం ముగిశాక మిగిలిన పెట్టెలు ఇంటికి తేకుండా నేరుగా కోనసీమ తీసుకెళ్ళాలి, కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థంలో, అంటే ఊళ్ళ దేవుళ్ళు ప్రభల మీద వచ్చి కలిసే జాతరలో, పుస్తకాలు పెట్టాలి. మేం అంటే నేను, మా చిన్నాన్న కొడుకు. టాటా ఏస్ వాడిదే. నేను తమ్ముడూ అంటాను, వాడు అక్కా అంటాడు. ఏడు రోజులు బండిలోనే తిరిగాం.

జనవరి 10, శుక్రవారం. విజయవాడ

ఇవాళ ముక్కోటి ఏకాదశి. పొద్దున్న గుళ్ళలో క్యూ కట్టినవాళ్ళే సాయంత్రం నాలుగింటికల్లా నుదుట బొట్లతో, పట్టుచీరలతో ఇందిరాగాంధీ స్టేడియంలోకి వచ్చారు. ఈ ఊళ్ళో ఏ పండగైనా పుస్తకాల మేళాకు అడ్డు రాదు. జనం రెండూ చూసుకుంటారు. 1989లో మొదలైన మేళా ఇది, ఈసారి 35వది. నేను చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళింది స్వరాజ్ మైదానానికి. ఇప్పుడు అక్కడ అంబేడ్కర్ విగ్రహం నిలబడి ఉంది, మేళా స్టేడియానికి మారింది. చోటు మారినా దుమ్ము, మిరపకాయ బజ్జీల వాసన, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పడం మాత్రం మారలేదు.

మా స్టాల్ దగ్గర రోజుకు ఇరవైసార్లు వినపడే మాట ఒకటుంది: "మావాడికి తెలుగు చదవడం రాదండి." తండ్రులు ఈ మాట పిల్లవాడి ముందే అంటారు. అనగానే వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అప్పుడు తండ్రికి జవాబు చెప్పడం దండగ. పుస్తకం తెరిచి, పిల్లవాడికి కనపడేలా కిందికి వంచి, నేనే చదవడం మొదలుపెడతాను. మా చేపల కథలో మూడో పేజీ చివర చిన్న చేప "అమ్మా, నీళ్ళు ఎక్కడున్నాయి?" అని అడుగుతుంది. అక్కడ ఆపి పుస్తకం వాడి చేతికిస్తాను. తర్వాతి పేజీలో నాలుగే మాటలు ఉంటాయి, అవీ పెద్ద అక్షరాల్లో. తిప్పకుండా ఉన్న పిల్లలు చాలా తక్కువ. ఇవాళ ఒక పాప ఆ నాలుగు మాటలూ కూడబలుక్కుని చదివింది. తండ్రి పక్కన నిలబడి ఫోన్ జేబులో పెట్టేశాడు. వాళ్ళు మూడు పుస్తకాలు తీసుకున్నారు.

కోడిపుంజు కథ మాత్రం కదలడం లేదు. అది నాకు బాగా ఇష్టమైన పుస్తకం. బొమ్మలు గీయించడానికే ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రోజు పెట్టిన దొంతర ఇంచుమించు అలాగే ఉంది.

జనవరి 11, శనివారం. విజయవాడ

జనం విరగబడ్డారు. కూర్చోడానికి వీలు చిక్కలేదు. అన్ని ధరలకూ 10 శాతం తగ్గించి ఇస్తున్నాం కాబట్టి 60 రూపాయల పుస్తకం 54 అవుతుంది, ఆ చిల్లరతోనే సగం టైమ్ పోతుంది. ఫోన్‌పే చేసేవాళ్ళతో ఇబ్బంది లేదు. తాతయ్యలు, అమ్మమ్మలు నోట్లు తెస్తారు, అసలు పిల్లలకు పుస్తకాలు కొనేది ఎక్కువగా వాళ్ళే. వచ్చే ఏడాది ధరలు తగ్గింపు పోను పదులకు సరిపోయేలా వేయాలని బిల్లు బుక్కు అట్ట మీద రాసుకున్నాను.

జనవరి 12, ఆదివారం. విజయవాడ, రాత్రికి ప్రయాణం

ఆఖరి రోజు మేళాకు ఒక ప్రత్యేకమైన కళ ఉంటుంది. పది రోజులుగా వచ్చి చూసి వెళ్ళినవాళ్ళంతా ఇవాళ సంచులతో వస్తారు. సాయంత్రం ఏడు దాటాక స్టాళ్ళవాళ్ళం ఒకరికొకరం కొనుక్కుంటాం, మార్చుకుంటాం. నేను పది పిల్లల పుస్తకాలిచ్చి పక్క స్టాల్ నుంచి పది శతకాల పుస్తకాలు తీసుకున్నాను. ఇంకో స్టాల్‌లో వంటల పుస్తకాలు, పాటల పుస్తకాలు అరువుకిచ్చారు. అమ్మినవాటికి డబ్బు, మిగిలినవి వాపసు. కాగితం ముక్క మీద లెక్క రాసి ఇద్దరం సంతకం పెట్టుకున్నాం. తెలుగు పుస్తకాల వ్యాపారంలో సగం ఇలాంటి కాగితం ముక్కల మీదే నడుస్తుంది, ఆ నమ్మకం నాకు చాలా విలువైనది.

నలభై ఏళ్ళుగా తీర్థాల్లో పుస్తకాలు అమ్మిన పెద్దాయన ఒకరు మా వరసలోనే ఉన్నారు. జగ్గన్నతోటకు వెళ్తున్నానని చెబితే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"తీర్థంలో పుస్తకాన్ని పడుకోబెట్టకూడదమ్మా, నిలబెట్టాలి. నడిచేవాడికి అట్ట కనబడాలి. తాడు కట్టి క్లిప్పులతో వేలాడదియ్యి. వంద దాటిన పుస్తకం కింద పెట్టెలో ఉంచు, అడిగితే తియ్యి. పదులు, ఇరవైలు, యాభైలు నోట్లు బాగా పట్టుకెళ్ళు. జనం మీద జనం ఉంటే ఫోన్లు పని చెయ్యవు. ఇంకో మాట. అక్కడికి ఎవరూ పుస్తకం కోసం రారు. దేవుడి కోసం వస్తారు, బంధువుల కోసం వస్తారు. వాళ్ళ సంతోషానికి నువ్వు అడ్డు పడకూడదు. పక్కన నిలబడాలి."

ఆ చివరి మాట నాతో పాటు బండెక్కింది.

తొమ్మిదింటికి మేళా ముగిసింది. అట్టపెట్టెలకు టేపులు వేసి, పైన ఏం పుస్తకాలో, ఎన్ని ఉన్నాయో స్కెచ్ పెన్నుతో రాసి, బండెక్కించేసరికి పన్నెండయింది. మొత్తం పదిహేడు పెట్టెలు. "అక్కా, నువ్వు పడుకో" అన్నాడు తమ్ముడు. ఏలూరు దాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం, తర్వాత నిద్ర పట్టేసింది.

జనవరి 13, సోమవారం, భోగి. తణుకు

నాలుగున్నరకు మా పిన్ని కూతురి అపార్ట్‌మెంట్ గేటు ముందు దిగాం. అప్పటికే భోగి మంట అంటుకుంది. పిడకల దండలు, విరిగిన కుర్చీలు, తాటాకులు. అరవై ఫ్లాట్లు ఉన్న చోటు. సెక్రటరీ గారు ముందే ఒప్పుకున్నారు: పొద్దున్న మంట దగ్గర, సాయంత్రం భోగిపళ్ళ దగ్గర మేం ఒక బల్ల వేసుకోవచ్చు. అద్దె అక్కర్లేదు, ముగ్గుల పోటీ బహుమతులకు పుస్తకాలివ్వాలి. నాకు అంతకంటే ఏం కావాలి? ముగ్గుల పోటీకి ఎప్పుడూ స్టీలు గిన్నెలో ప్లాస్టిక్ డబ్బాలో ఇస్తారు.

మంట చుట్టూ జనం పెరిగారు. ఇళ్ళలోంచి పాత సామాన్లు తెచ్చి వేస్తున్నారు. ఒకావిడ రెండు చేతుల నిండా పుస్తకాలు మోసుకుని వచ్చింది. పైవి పిల్లల పాత నోట్సులు, టెస్ట్ పేపర్లు. వాటి కింద గుడ్డ అట్టతో కుట్టిన లావు బైండు ఒకటి కనపడింది. నా గుండె ఆగినంత పనైంది. "అమ్మా, ఒక్క నిమిషం" అని అడ్డం వెళ్ళాను.

అది వారపత్రికలో వచ్చిన సీరియల్. వారం వారం పేజీలు చింపి, వరస పెట్టి, దబ్బనంతో దారం ఎక్కించి కుట్టారు. దారం పసుపు పచ్చగా మారింది. ప్రతి భాగం మొదట్లో తేదీ చేత్తో రాసి ఉంది. ఒకచోట పేజీ లేదు. అక్కడ తెల్ల కాగితం పెట్టి, ఆ వారం కథలో ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో నీలం సిరాతో రాశారు. బహుశా ఆ వారం పత్రిక అందలేదేమో, ఎవరినో అడిగి కథ తెలుసుకుని రాసి పెట్టుకున్నారు. ఆ అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి.

"ఇది ఎవరు కుట్టారండి?" అని అడిగాను.

"మా అత్తగారు. పోయి ఆరేళ్ళయింది. అటక ఖాళీ చేస్తుంటే బయటపడింది. చదివేవాళ్ళు ఎవరున్నారండి?"

మంట వెలుగులో ఆ తెల్ల కాగితం ఆవిడకు చూపించి నాలుగు వాక్యాలూ పైకి చదివాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత బైండు తీసుకుని చీర కొంగుతో అట్ట తుడిచింది. "అక్షరాలు ఆవిడవే" అంది. పైకి తీసుకెళ్ళిపోయింది.

అది చూశాక నాకొక ఆలోచన వచ్చి, బల్ల మీద అట్టముక్క పెట్టాను: మంటలో వేయాలనుకున్న కథల పుస్తకం మాకు ఇవ్వండి, కొత్త పుస్తకం మీద 20 రూపాయలు తగ్గిస్తాం. నేను గట్టిగా చెప్పకపోయినా పిల్లలే ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఎండెక్కేలోపు పాత పుస్తకాలు ఇరవై ఆరు వచ్చాయి. వాటిలో పద్దెనిమిది చక్కగా చదువుకునే స్థితిలో ఉన్నాయి.

సాయంత్రం భోగిపళ్ళు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రెక్కలు, చిల్లర డబ్బులు కలిపి పిల్లల తల మీద పోస్తారు కదా, ఒక అమ్మమ్మ వచ్చి పేరంటానికి వచ్చిన పిల్లలందరికీ ఇవ్వడానికి పద్నాలుగు పుస్తకాలు ఒకేసారి తీసుకుంది. "తాంబూలంలో ప్లాస్టిక్ గిన్నె పెట్టి పెట్టి విసుగొచ్చిందమ్మా" అంది. ఒక్కో పుస్తకం మీద అరటిపండు, రెండు తమలపాకులు పెట్టి ఇస్తుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. పేరంటాల సైజుకు తగ్గ చిన్న పుస్తకాలు, పది పుస్తకాల కట్టలుగా వేస్తే ఎంత బాగుంటుందో అనిపించింది. ముగ్గుల పోటీ మొదటి బహుమతి వంటల పుస్తకం, పాటల పుస్తకం. గెలిచిన అమ్మాయి ముగ్గులో పిండి ఇంకా చేతులకు ఉండగానే పేజీలు తిప్పింది, అట్ట మీద తెల్లటి వేలిముద్రలు పడ్డాయి.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి. కోనసీమ

తెల్లవారాక సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటి రావులపాలెంలో హైవే దిగాం. కొత్తపేట మీదుగా అంబాజీపేట వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కాలువ చాలా దూరం మాతోనే వచ్చింది. కాలువ చూసినప్పుడల్లా నాకు పాతూరి నాగభూషణం గారు గుర్తొస్తారు. 1935లో ఆయన కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో ఊళ్ళకు పడవే దారి, అందుకని పుస్తకాలు కూడా పడవే ఎక్కాయి. పడవ వచ్చిందని పిల్లలు గట్టు మీదికి పరిగెత్తి ఉంటారు కదా. అందులో జనం కొనక్కర్లేదు, చదివి తిరిగిస్తే చాలు. మా బండికి ఆ భాగ్యం లేదు, పెట్టుబడి వెనక్కి రావాలి. కానీ జనం ఉన్నచోటికి పుస్తకం వెళ్ళాలన్న పట్టుదల ఆయన దగ్గర నేర్చుకున్నదే.

మా పిన్ని వాళ్ళ ఊరు జగ్గన్నతోట ఉన్న మొసలపల్లికి దగ్గరే. పండగ భోజనం తర్వాత హైస్కూల్లో పూర్వ విద్యార్థుల కలయిక ఉందని తెలిసి బాబాయి మమ్మల్ని తీసుకెళ్ళారు. పాతికేళ్ళ కిందటి బ్యాచ్. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి వచ్చారు. వేప చెట్టు కింద బల్ల వేసుకోనిచ్చారు.

డల్లాస్ నుంచి వచ్చిన ఒకాయన మా పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశారు. "ఇది ఎంత బరువుంటుందండి?" అన్నారు. నాకు అర్థం కాలేదు. విమానంలో పెట్టెకు 23 కిలోలే, పచ్చళ్ళు, పిండివంటలు, బట్టలు పోను పుస్తకాలకు మిగిలేది కిలో కిలోన్నర అని చెప్పారు. వాళ్ళ అమ్మాయి అక్కడ మనబడి అనే తెలుగు బడికి వెళ్తుందట. అక్షరాలు, గుణింతాలు వచ్చాయి. ఇంక చదవడానికి కథలు కావాలి, అయితే మాటలు తేలిగ్గా ఉండాలి, పిల్ల వయసుకు కథ మరీ పసిగా ఉండకూడదు. ఆ చివరి ముక్క నాకు సూటిగా తగిలింది. పదేళ్ళ పిల్లకు అయిదేళ్ళ పిల్ల స్థాయి తెలుగే వచ్చి ఉండొచ్చు, అంతమాత్రాన దానికి అయిదేళ్ళ పిల్ల కథ ఇస్తే చదువుతుందా? మేం వేసినవాటిలో అలాంటివి రెండే ఉన్నాయి. రెండూ ఇచ్చాను. పిన్ని వంటింట్లో కాటా మీద తూచి మరీ వాట్సాప్‌లో ఫోటో పంపాను: ఒక్కోటి 85 గ్రాములు. రాత్రికి ఇంకో పన్నెండు కావాలని వచ్చారు. వాళ్ళ బ్యాచ్ డబ్బు వేసుకుని స్కూలు లైబ్రరీకి నలభై పుస్తకాలు కొన్నది. తణుకులో భోగి మంట తప్పించుకున్న పద్దెనిమిదీ వాటితో కలిపి ఇచ్చేశాం.

మధ్యాహ్నమంతా బాగానే గడిచింది. రాత్రి పొరపాటు జరిగింది. బండి పిన్ని వాళ్ళ పెరట్లో కొబ్బరి చెట్ల కింద పెట్టి పైన పరదా కట్టాం. వెనక వైపు మూల వదులుగా ఉందని నేను చూసి కూడా, పొద్దున్న చూద్దాంలే అనుకున్నాను. కోనసీమ మంచు గురించి నాకు తెలియక కాదు.

జనవరి 15, బుధవారం, కనుమ. జగ్గన్నతోట

అయిదింటికి లేచి చూస్తే ఒక పెట్టె అట్ట మెత్తబడి చేతికి ఊడి వచ్చింది. లోపల కోడిపుంజు కథ. ముప్పై నాలుగు కాపీలు అంచులు తడిసి అలల్లా వంగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాట్లాడకుండా అవన్నీ పొయ్యి దగ్గర చాప మీద పరిచి, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, వెచ్చబడ్డాక దొంతరలు పేర్చి పైన బియ్యం బస్తా పెట్టింది. "పంట తడిస్తే పారేస్తామేంటే? ఆరబెట్టుకుంటాం" అంది. రెండు గంటల తర్వాత తీస్తే కాస్త వంకర ఉన్నా పేజీలు అంటుకోలేదు. అవి సగం ధరకు ఇవ్వాలని విడిగా కట్ట కట్టాను.

తోటకు వాహనాలు పోనివ్వరు. చాలా దూరంలోనే ఆపేశారు. అయిదు పెట్టెలు ఎంచుకుని, బాబాయి మోటార్ సైకిల్ మీద మూడు, మా నెత్తుల మీద రెండు. జగ్గన్నతోట అంటే కొబ్బరి తోటే. అక్కడ గుడి లేదు. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద వచ్చి ఒకచోట కలుస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, నేదునూరు, పాలగుమ్మి, ఇలా ఊరికో ప్రభ. ఆతిథ్యం మొసలపల్లి వారిది. నాలుగు వందల ఏళ్ళుగా జరుగుతోందని చెప్పుకుంటారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఈ ప్రభల తీర్థమే.

ఒక పక్కగా, జీళ్ళు అమ్మే ఆవిడ కొట్టుకు ఆనుకుని చోటు దొరికింది. ముందు ఆవిడను అడిగాం. "పెట్టుకోండమ్మా, పుస్తకాలే కదా, ఈగలు రావు" అంది. రెండు కొబ్బరి చెట్లకు తాడు కట్టి క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీశాం. ఒక వరస పెద్దవాళ్ళ కళ్ళకు, ఇంకో వరస బాగా కిందికి, పిల్లల కళ్ళకు. కింది వరస నిండా కోడిపుంజు కథే పెట్టాను.

బోణీ పది దాటాక అయింది. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన "పంచాంగం ఉందా?" అన్నారు. కొత్తది ఉగాదికి గానీ రాదు కదండీ అంటే నవ్వి శతకాల పుస్తకం తీసుకున్నారు. డబ్బు ఇచ్చేముందు రెండు పద్యాలు చూడకుండా చెప్పి, పుస్తకంలో సరిగా అచ్చయ్యాయో లేదో సరిచూసుకున్నారు. సరిగానే ఉన్నాయి. అప్పుడు 50 రూపాయల నోటు తీశారు.

ఆ తర్వాత పిల్లలు వచ్చారు. విజయవాడలో పది రోజులు కదలని కోడిపుంజు ఇక్కడ ఎగిరిపోయింది. "ఒరే, మన డేగ రా!" అని ఒకడు అట్ట మీద రంగు చూసి అరిచాడు. ఇంకొకడు కాదు, కాకి డేగ అన్నాడు. వాళ్ళకు పుంజుల రంగులన్నీ తెలుసు. పుస్తకం తెరిచి, బొమ్మలో తోక ఈకలు సరిగా గీశారా లేదా అని పరీక్ష చేశారు. నేను చదివి వినిపించాల్సిన పనే రాలేదు. బొమ్మ సరిగా ఉందని తేలాక, ఆ పుంజుకు ఏమైందో తెలుసుకోవాలని వాళ్ళే చదివారు. పెద్దవాడు పైకి చదువుతుంటే మిగతా నలుగురు వాడి భుజాల మీదుగా తలలు పెట్టి చూశారు. పండగ డబ్బులు పది, ఇరవై నోట్లు మడతలు విప్పి ఇచ్చారు. తడిసిన కాపీలు 30 రూపాయలే అన్నాను, అవే ముందు అయిపోయాయి. పెద్దాయన చెప్పినట్టే మధ్యాహ్నానికి ఫోన్లు పని చేయలేదు. పదుల నోట్లు ఉండబట్టి బతికాం.

మధ్యాహ్నం దాటాక ప్రభలు రావడం మొదలైంది. దూరం నుంచే "అశ్శరభ శ్శరభ" అని కేకలు వినపడతాయి. వెదురుతో కట్టిన ఎత్తయిన ప్రభలు, వాటి మీద కొత్త గుడ్డలు, పూలదండలు, నెమలి ఈకలు, మధ్యలో స్వామి. మనుషులు భుజాల మీద మోస్తూ పచ్చటి చేలలోంచే వస్తారు. చేను తొక్కితే రైతు బాధపడడు, స్వామి నడిచిన చేనని సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక దాటి రావాలి. కాసేపు తమ్ముడిని కొట్టు దగ్గర ఉంచి గట్టుకు పరిగెత్తాను. నడుముల్లోతు దాటిన నీళ్ళలో అంతమంది ఒకే అడుగు, ఒకే కేక. ప్రభ ఒక్కసారి పక్కకు ఒరిగింది. గట్టు మీద జనమంతా ఊపిరి బిగబట్టారు. నీళ్ళలోంచి కేక ఇంకా గట్టిగా లేచింది, ప్రభ నిలబడింది. నా పక్కన ముసలావిడ చేతులు జోడించి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి తమ్ముడు జనంలో ఇరుక్కుపోయి ఎటో ఉన్నాడు. జీళ్ళావిడ మూడు పుస్తకాలు అమ్మి డబ్బులు తన త్రాసు పళ్ళెంలో విడిగా పెట్టింది. "వెనకాల రేటు చూసి తీసుకున్నానమ్మా" అంది.

ప్రభ మోసిన ఒకాయన, బట్టలు తడిసి నీళ్ళు కారుతుంటే, మా తాడు దగ్గర నిలబడ్డాడు. చేతులు తుడుచుకోడానికి పొడి గుడ్డ లేదు. "మా పాప కోసమండి. ఆ ఎర్రపుంజు బొమ్మది ఒకటి ఉంచుతారా? డబ్బులు మా ఇంట్లోవాళ్ళ దగ్గరున్నాయండి. మేం మళ్ళీ స్వామితో వెళ్ళిపోవాలి" అన్నాడు. అప్పటికి అది ఆఖరి కాపీ. సరేనండి అన్నాను. తర్వాత దానికోసం ముగ్గురు అడిగారు, ఒకరు పూర్తి ధర చేతిలో పెట్టబోయారు కూడా. "అక్కా, వాళ్ళు వస్తారంటావా?" అన్నాడు తమ్ముడు. నేను ఆ పుస్తకాన్ని తాడు మీంచి తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

పొద్దు వాలింది. ప్రభలు ఒక్కొక్కటే వెనుదిరిగాయి. కొట్లవాళ్ళు సామాన్లు సర్దుతున్నారు. మేమూ క్లిప్పులు తీసి డబ్బాలో వేశాం, తాడు ఒకటే మిగిలింది. అప్పుడు పరికిణీ కట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల మేనత్త చెయ్యి పట్టుకుని వచ్చింది. "ఎర్రపుంజు పుస్తకం ఇక్కడేనా అండి? కొబ్బరి చెట్టుకు తాడు కట్టి ఉంటదని చెప్పారు మా నాన్న" అంది. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆ పిల్ల పుస్తకం కళ్ళకద్దుకుని, అక్కడే నిలబడి, కొట్లో మిగిలిన బల్బు వెలుగులో మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. అత్త "ఇంటికెళ్ళి చదువుదువు గానీ" అని లాగుతుంటే చదువుతూనే నడిచింది.

జనవరి 16, గురువారం, ముక్కనుమ. అంబాజీపేట

రాత్రే లెక్క చూసుకున్నాం. తీర్థంలో మొత్తం 143 పుస్తకాలు. విజయవాడలో మంచి రోజున అమ్మినదానికంటే డబ్బు తక్కువే, ఎందుకంటే ఇక్కడ వెళ్ళినవి ఎక్కువగా తక్కువ ధరవే. డీజిలు, అరువు పుస్తకాల వాటా పోను చేతిలో మిగిలింది పెద్ద మొత్తం కాదు. నష్టం మాత్రం రాలేదు. కోడిపుంజు కథ రెండో ముద్రణకు వెళ్ళాలి. పేరంటాలకు పది పుస్తకాల కట్టలు, పదేళ్ళ పిల్లలకు తేలిక మాటల్లో పెద్ద కథలు, ఈ రెండూ వచ్చే ఏడాది మా పని.

వెళ్ళే దారిలో అంబాజీపేటలో పొట్టిక్కలు తినకుండా కదలనన్నాడు తమ్ముడు. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, ఆకు విప్పగానే ఆవిరి, ఆ వాసన. హోటల్ ఆయన బండి మీద పెట్టెలు చూసి ఏం సరుకని అడిగారు. పుస్తకాలండి అంటే ఒకటి చూపించమన్నారు. చేపల కథ ఇచ్చాను. కౌంటర్ దగ్గర నిలబడే మొత్తం చదివారు. ఈలోపు బిల్లు కట్టడానికి ముగ్గురు ఆగారు.

"ఇక్కడికి రోజూ పొద్దున్నే పిల్లల్ని తీసుకుని వస్తారండి. టిఫిన్ వచ్చేదాకా వాళ్ళకు ఫోన్ ఇస్తారు. ఓ పన్నెండు ఇక్కడ వదిలి వెళ్ళండి. చదువుకున్నవాళ్ళు చదువుకుంటారు, కొన్నవాళ్ళు కొంటారు. ఆయ్, లెక్క నేను రాస్తాను" అన్నారు.

పెట్టె దించి పన్నెండు లెక్కపెట్టాను. జీలకర్ర డబ్బాకూ అగరుబత్తీల స్టాండుకూ మధ్య వాటిని నిలబెట్టారు, అట్టలు బయటికి కనపడేలా. కాగితం ముక్క మీద తేదీ వేసి, 12 అని రాసి, ఇద్దరం సంతకం పెట్టాం. పక్క బల్ల మీద పిల్లవాడు పొట్టిక్క ఆకు విప్పడం ఆపి అటే చూస్తున్నాడు.